శనివారం క్లాసులో మేఘం

ఒక ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పండి. పళ్ళెం పగిలిన చోట ముందుగా "క్షమించండి" అనేది ఎవరు? పగలడానికి కారణమైనవాళ్ళా, పగిలినప్పుడు చేతిలో పట్టుకుని ఉన్నవాళ్ళా?

ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా శనివారం వచ్చింది. కొండల మధ్య వేడినీటి ఊటల ఊళ్ళో, సమావేశ మందిరం మేడమీద, పరాయి దేశాలనుంచి వచ్చినవాళ్ళకి జపనీస్ నేర్పే క్లాసు మొదలవుతోంది. మిత్సుయో సెన్సే, అంటే టీచరు, కెటిల్ పొయ్యిమీద పెట్టింది. బియ్యప్పిండి బిస్కెట్లు పళ్ళెంలో సర్దింది. ఆవిడ ఒకప్పుడు యాత్రికుల బస్సులో గైడు. రిటైరయ్యాక జీతం లేకుండా ఈ క్లాసు చెబుతోంది గాని పాత అలవాటు పోలేదు. బోర్డు చూపించాలంటే అరచెయ్యి చాచి, "మీ కుడివైపు చూడండి, ఈవేళ్టి క్రియ," అంటుంది.

ఆవేళ్టి క్రియ కర్మణి. చేసినవాడి వైపు నుంచి కాకుండా, పడినవాడి వైపు నుంచి మాట్లాడే క్రియ. తెలుగులో అంటే సర్కారు నోటీసులా ఉంటుంది, "ఇందుమూలంగా తెలియజేయబడుతున్నది" అన్నట్టు. జపనీస్‌లో అలా కాదు. బస్సులో కాలు తొక్కించుకున్నవాళ్ళూ, తమ్ముడు కేకు తినేస్తే ఏడ్చినవాళ్ళూ, గొడుగు లేకుండా వానకి దొరికిపోయినవాళ్ళూ అందరూ ఆ క్రియలోనే చెప్పుకుంటారు. వాన కురిసిందని ఊరుకోరు. వానచేత కురవబడ్డాను అంటారు. వాన ఎంత పెద్దదైనా సరే, వాక్యంలో ముందు పీట తడిసినవాళ్ళదే.

ఈ పాఠం రోజున, కూర్చునే దిండ్లు పెట్టే అల్మారా తలుపు కొంచెం తెరిచి పెట్టాలి. లేకపోతే మేఘం లోపల్నించి తడుతుంది. మిత్సుయో సెన్సే ఈ పాఠం మొదటిసారి చెప్పిన ఏడాది ఎక్కణ్ణించో వచ్చింది, ఉండిపోయింది. పిల్లి పడుకున్నంత మేర ఉంటుంది, బూడిదరంగు. ఎవరన్నా ఏదన్నా మింగేసి కూర్చుంటే వాళ్ళ నెత్తిన కురుస్తుంది. మందిరం కాపలాదారు దీనిమీద ఒకే ఒక్కసారి మాట్లాడాడు: "చాపలు బూజు పడతాయి సెన్సే, కింద ప్లాస్టిక్ పట్టా వేయించండి." వేయించింది.

"మారివిక్ గారూ, మీరు చెప్పండి. కేకు, తమ్ముడు."

మారివిక్ ఫిలిప్పీన్స్ మనిషి. ఆ ఊరి ఉల్లికాడల రైతుని పెళ్ళాడి చాలాకాలమైంది. మాట్లాడ్డం గడగడా వస్తుంది, వ్యాకరణమే రాదు. "నాకు తమ్ముడు లేడు సెన్సే. మొగుణ్ణి పెట్టుకుంటా. నా మొగుడు... నాచేత... తినబడ్డాడు."

"పాపం. బాగానే ఉన్నాడా?"

"ఉల్లికాడల వాసన సెన్సే. పూర్తిగా తినలేకపోయా."

అందరూ నవ్వారు. మేఘం కూడా కాస్త ఊగింది. ఊగి, మెల్లగా జరిగి, కిటికీ పక్కన కూర్చున్న అయిపేరి నెత్తిమీద ఆగింది. చినుకులు మొదలయ్యాయి.

అయిపేరి కిర్గిజ్ పిల్ల. ఏటి ఒడ్డున ఉన్న పాత సత్రంలో కిమోనో కట్టుకుని, గదులకి భోజనాలు అందిస్తుంది. గుర్రాల మధ్య పెరిగిందేమో, పళ్ళేల దొంతర ఎత్తుకుని మెట్లెక్కుతుంటే ఒక్క గిన్నె మోగదు. సత్రంలో మూడో అంతస్తు గదులన్నీ తన చేతిమీదుగా నడవాలని ఆ పిల్ల ఆశ. మారివిక్ గొడుగు తెరిచింది. అయిపేరికి పట్టలేదు, బిస్కెట్లకి పట్టింది.

"అక్కా!" అంది అయిపేరి.

"నువ్వు ఆరతావు చెల్లీ. బిస్కెట్లు ఆరవు. ఏం మింగావో కక్కెయ్యి."

"ఏమీ లేదు. నిన్న సాయంత్రం పళ్ళెం పగలగొట్టాను. పాతది, నీలం పువ్వులది, ఒకామి గారి అత్తగారి కాలంనాటిది. నాదే తప్పు." ఒకామి అంటే ఆ సత్రం యజమానురాలు. "నెలాఖరు దాకా కింద అంట్లు తోమమన్నారు. ఆ తర్వాత రానక్కర్లేదన్నారు."

నాదే తప్పు అనగానే వాన పెద్దదైంది. జుట్టు మొహానికి అతుక్కుపోయింది. మిత్సుయో సెన్సే సుద్దముక్క కింద పెట్టింది.

"నీ చేతిలోంచి పళ్ళేలు జారవమ్మాయ్. నేను చూశానుగా. ఏం జరిగింది?"

"ఇవామురా గారు..." ఆ పేరు ఊళ్ళో అందరికీ తెలుసు. కంకర వ్యాపారి, ఆ సత్రానికి ప్రతి నెలా వచ్చే అతిథి. తాగితే ఊరంతటికీ చుట్టం. "ఫోటో తీసుకుందాం రమ్మన్నారు. చేతుల్లో పళ్ళేలున్నాయన్నాను. నవ్వి, నా కిమోనో చెయ్యి పట్టుకుని లాగారు. పళ్ళెం పడింది. ఒకామి గారు వచ్చేసరికి నేను నేలమీద వంగి క్షమించండి, క్షమించండి అంటున్నాను. ఇంకెవరూ ఏమీ అనలేదు."

"మరి ఎందుకన్నావే?" మారివిక్ గొంతు పెంచింది.

"సెన్సే చెప్పారుగా. ఏం జరిగినా ముందు క్షమించండి అను, తర్వాత సంగతి చూసుకోవచ్చు, అదే మర్యాద అని."

మిత్సుయో సెన్సే ఆ పాఠం ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. ఆ దేశంలో ఆ మాట తప్పొప్పుకోవడం కాదు, పలకరింపు లాంటిది. తలుపు తీసినా అంటారు, దారి అడిగినా అంటారు. కానీ అందరూ అంటేనే అది మర్యాద. ఒక్కరే అంటే ఆ ఒక్కరి నెత్తికే చుట్టుకుంటుంది. ఈ రెండో సగం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

"మీ ఎడమవైపు చూడండి," అంది, అరచెయ్యి చాచి. ఎడమవైపు ఉన్నది తనే. "సగం పాఠం చెప్పిన మనిషి. రెండో సగం ఇప్పుడు చెబుతున్నా. క్షమించండి అన్నాక నోరు మూసుకోకూడదు. చెప్పు, అయిపేరి. ఇవామురా గారితో మొదలుపెట్టకు. నీతో మొదలుపెట్టు."

అయిపేరి రెండుసార్లు తడబడింది. ఒకసారి వాక్యంలో తనే ఇవామురాని లాగేసింది, మరోసారి పళ్ళెం ఆయన్ని లాగింది. తర్వాత సరిగ్గా వచ్చింది. "నేను... అతిథిచేత... చెయ్యి పట్టి లాగబడ్డాను."

వాన ఆగింది. మారివిక్ గొడుగు ముడిచి తువ్వాలు ఇచ్చింది. కానీ మేఘం అల్మారాలోకి తిరిగి వెళ్ళలేదు.

"ఇక్కడ చెబితే ఆగుతుంది," అంది సెన్సే. "చెప్పాల్సిన చోట చెబితే గాని పోదు. తీసుకెళ్ళు. గాలి తోలితే కొంచెం మారాం చేస్తుంది, పక్కకి పోతే నాలుక చప్పరించు, వచ్చేస్తుంది."

ఏటి ఒడ్డు వెంట అయిపేరి నడిచింది, వెనకాలే మేఘం. సోయాపెరుగు కొట్టు ముసలాయన, "ఓహో, కర్మణి దాకా వచ్చారన్నమాట. తొందరగానే లాగించేస్తోందే మీ సెన్సే," అన్నాడు.

మర్నాడు ఉదయం ఇవామురా గారి ప్రయాణం. ఆ సత్రంలో అతిథి వెళుతుంటే అందరూ వాకిట్లో వరసగా నిలబడాలి, కారు వంపు తిరిగేదాకా వంగి చేతులు ఊపాలి. అంట్లు తోమేవాళ్ళు కూడా చివర్న నిలబడాలి. ఒకామి తోకికో గారు గొడుగు తెరిచి అతిథికి పట్టింది. ఆకాశం నిర్మలంగా ఉంది గాని, వాకిట్లో మేఘం ఉందిగా మరి.

ఇవామురా వరస వెంట నడుస్తూ, అందరికీ థాంక్స్ చెబుతూ చివరికొచ్చాడు. "ఇదిగో, మన కిర్గిజ్ పిల్ల! ఫోటో బాకీ ఉండిపోయిందే!" మళ్ళీ చెయ్యి చాచాడు.

అయిపేరి ఒక అడుగు వెనక్కి వేసి నడుము వంచింది. "క్షమించండి," అంది. ఈసారి అక్కడ ఆగలేదు. "మొన్న నేను మీచేత చెయ్యి పట్టి లాగబడ్డాను. అందుకే పళ్ళెం పడింది."

వాక్యం ఎక్కడా తడబడలేదు. ఇవామురా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వరసలో ఎవరూ తలెత్తలేదు. మేఘం అయిపేరి మీంచి కదిలింది. అందరూ ఇవామురా మీదికే పోతుందనుకున్నారు. అది ఆయన్ని దాటుకుని, తోకికో గారి నెత్తిమీద ఆగి, కుండపోతగా కురిసింది.

ఆవిడ కదల్లేదు. గొడుగు ఇంకా అతిథికే పట్టి ఉంది. తను తడుస్తోంది. కొప్పు విడిపోయింది, కిమోనో నల్లబడింది. అలవాటు అలాంటిది. పెళ్ళై ఆ వాకిట్లో అడుగుపెట్టిన నాటినుంచి ఆ గొడుగు ఎప్పుడూ తన నెత్తిమీదికి రాలేదు.

"ఒకామి గారూ, తడుస్తున్నారు," అన్నాడు ఇవామురా, ఏం చెయ్యాలో తోచక.

తోకికో గారు గొడుగు వైపు చూసింది, అయిపేరి వైపు చూసింది. గొడుగుని నెమ్మదిగా తనవైపు జరుపుకుంది.

"క్షమించండి ఇవామురా గారూ. నేను కూడా లాగబడ్డాను. మీచేత. మీకు ముందు మీ నాన్నగారిచేత. పెళ్ళైన కొత్తలో ఒక బియ్యపు సారా జాడీ పగిలింది. అత్తగారికి నాదే తప్పని చెప్పాను." వాన సన్నబడింది. "మా సత్రంలో ఇకమీదట ఎవరి చెయ్యీ లాగకూడదు. ఈ అమ్మాయి రేపట్నుంచి మళ్ళీ మూడో అంతస్తులో ఉంటుంది. వచ్చే ఏడు కూడా."

ఇవామురా చెవులదాకా ఎర్రబడ్డాడు. కానీ మనిషి మరీ చెడ్డవాడు కాదు. చెప్పులు దగ్గరికి చేర్చి, నడుము పూర్తిగా వంచి, చాలాసేపు అలాగే ఉన్నాడు. "క్షమించండి," అన్నాడు ముందు అయిపేరితో, తర్వాత తోకికో గారితో. కారు కదిలింది. వంపు తిరిగేదాకా అందరూ చేతులు ఊపారు, అయిపేరి కూడా. మరుసటి నెల వచ్చినప్పుడు ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఫోటోకి నిలబడ్డాడు.

"పళ్ళెం సంగతి, ఒకామి గారూ?" అంది అయిపేరి లోపలికి నడుస్తూ.

"నాకెప్పుడూ నచ్చలేదు ఆ పళ్ళెం," అంది తోకికో గారు, జుట్టు పిండుకుంటూ.

మేఘం తనే మందిరానికి తిరిగి వెళ్ళింది. తర్వాతి శనివారం క్లాసులో ఒక కొత్త దిండు వేయాల్సి వచ్చింది. తోకికో గారు వచ్చి కూర్చుంది, టీతోపాటు తినమని ముల్లంగి ఊరగాయ తెచ్చింది.

"మీరెందుకండీ? ఇది మీ భాషేగా?" అంది మారివిక్.

"వ్యాకరణం వచ్చు," అందావిడ. "చెప్పడమే రాదు."

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకి మీ జవాబు మీ దగ్గరే ఉంచుకోండి. నాకు కావలసింది వేరే. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ క్లాసులో ఎవరైనా పగిలిన ముక్కలు ఏరుకుంటూ నాదే తప్పు, నాదే తప్పు అంటుంటే, పోన్లే అని దాటి వెళ్ళకండి. చీపురు పక్కన పెట్టి, వాళ్ళ పక్కన కూర్చుని, ఏం జరిగిందని అడగండి. మీ చేతిలో గొడుగుంటే, అది ఎవరి నెత్తిమీద ఉందో ఒకసారి తలెత్తి చూసి, తడుస్తున్నవాళ్ళ వైపు జరపండి.