సంచి కట్టకముందే

పొద్దున్నే పరీక్ష చేసుకుంటే రెండు గీతలు కనబడ్డాయి. అంతే, మన అమ్మాయి కాళ్లు నేల మీద నిలవలేదు. పెళ్లైన ఆరేళ్లకి మరి! మొగుడు వీధంతా చాటి, ఉయ్యాల కొనడానికి బజారుకు పరిగెత్తాడు. ఆరు వారాలకే ఉయ్యాలట, చోద్యం కాకపోతే!

ఆమెది తపాలా ఆఫీసులో ఉత్తరాలను ఊళ్లవారీగా గళ్లలో వేసే పని. ఆ పూట చేతిలో ఉత్తరం, బుర్రలో పిల్లల పేర్లు, ఎదురుగా ఏ గడి కనిపిస్తే దాంట్లో తోసేయడం. సంచులు కట్టి లక్క ముద్ర వేసే పెద్దావిడను అందరూ లక్కక్క అంటారు. ప్రతి గడీ మళ్లీ చూడనిదే ఆవిడ సంచి మూతి కట్టదు. పదకొండు ఉత్తరాలు తప్పు గళ్లలోంచి బయటికి లాగింది.

"ఏమే, మతిగానీ పోయిందా?"

"నెల తప్పిందక్కా!" అంటూ ఆవిడ మెడ పట్టుకుని ఊపేసింది. ఊపుతూనే "అబ్బా" అని కుడివైపు పొత్తికడుపు నొక్కుకుంది. "నవ్వీ నవ్వీ పట్టేసిందిలే."

"నవ్వితే ఒక పక్కే నొప్పేంటే? మరకేమైనా కనబడిందా?"

"నిన్న కొంచెం. అదో లెక్కా?"

"లే, ఆసుపత్రికి పద."

"మరి సంచులో?"

"అవెక్కడికీ పోవు. నువ్వు లే ముందు!" లక్కక్క సంచి వదిలి బయటికి రావడం ఆఫీసులో అదే మొదటిసారి.

దారి పొడుగునా పిల్ల నోరు మూతపడలేదు. అబ్బాయైతే ఒక పేరు, అమ్మాయైతే మూడు. స్కానింగ్ తెర వంక డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"గర్భసంచిలో ఏం లేదమ్మా. సంచికి వెళ్లే కుడి ట్యూబులోనే పిండం నిలిచిపోయింది. అక్కడ బిడ్డ బతకదు, ట్యూబు పగిలితే నీ ప్రాణానికే ముప్పు. తొందరగా వచ్చావు కాబట్టి ఇంజెక్షన్‌తో సరిపోవచ్చు. రక్తపరీక్షలకి మాత్రం తప్పకుండా రావాలి."

"అంటే... వేరే గడిలో పడిందా అక్కా?" అని లక్కక్క ఒళ్లో పడి బావురుమంది. "నేనేం తప్పు చేశాను?"

"నీ తప్పేం లేదే, పిచ్చిమొహమా!" అని లక్కక్క కూడా కళ్లు తుడుచుకుంది.

అంతలో గుమ్మం దగ్గర గోల. లక్కక్క ఫోన్ చేసిందని మొగుడుగారు బజారు నుంచి అటే వచ్చి, నెత్తిన ఉయ్యాలతో తలుపులో ఇరుక్కుపోయాడు. నర్సు చెడామడా తిడుతోంది. ఏడుపు మధ్యలోనే ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది.

విషయం విన్నాక ఆయన ఉయ్యాల దించి, ఆమె పక్కన కూలబడ్డాడు.

"తిరిగిచ్చేయ్" అందామె.

"ఇవ్వను. ఎవరొస్తే వాళ్లు తర్వాత వస్తారు. నువ్వు ఇంటికొస్తున్నావు కదే, నాకదే చాలు."