చెంచా చప్పుడు

శనివారం సాయంత్రం స్వర్ణ శనగలు నానబోయబోతుంటే బాలరాజు వద్దన్నాడు. “రేపు మన మిద్దె మీద కాదు. అబిడ్స్‌ల రూఫ్‌టాప్ బార్‌కు పోదాం. అంజన్ భార్యను తీస్కొస్తుండు, నువ్వు గూడ రా.”

స్వర్ణకు కళ్లు చెమర్చినంత పనైంది. నాంపల్లిలో కిరాయికి దిగినప్పటి నుంచి ఆదివారమొస్తే మొగుడూ అతని దోస్తులూ మిద్దె మీద సీసా తెరుస్తారు. శనగ గుడాలు, కార్జం వేపుడు, నిమ్మకాయ పిండిన ఉల్లిగడ్డలు పట్టుకుని మెట్లెక్కడం, దిగడం ఆమె వంతు. గిన్నె ఖాళీ అయితే బాలరాజు చెంచాతో దాన్ని రెండుసార్లు కొడతాడు. కింద వంటింట్లో ఆమె లేస్తుంది. పేరు పెట్టి పిలిస్తే ఆయనగారి నోరు అరిగిపోతుందేమో. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒకసారి ఆలస్యమైతే అత్త పోశవ్వ బుద్ధి చెప్పింది. “మొగోడు గొంతు చించుకునేదాంక ఆగొద్దు బిడ్డా. చెంచా సప్పుడుకే లేవాలె.” పోశవ్వ పోయింది గానీ చెంచా పోలేదు.

అయితే స్వర్ణ సంబరానికి ఇంకో కారణం కూడా ఉంది. అబిడ్స్‌లో ఆమె పనిచేసే చీరల దుకాణంలో ఫ్లోర్ ఇన్‌చార్జిగా ఉండమన్నారు. తన వెనక చేరిన మగపిల్లలకు ఇచ్చీ ఇచ్చీ, ఇన్నేళ్లకు ఆమె గుర్తొచ్చింది వాళ్లకు. రాత్రి తొమ్మిదింటి దాకా ఉండాలి. సోమవారం పొద్దున ఔననకపోతే ఇంకొకరికి ఇస్తారు. ఇంట్లో చెబితే బాలరాజు ఏమంటాడో ఆమెకు కంఠతా వచ్చు. “నౌకరీ నీ ఇష్టం. నేనెన్నడన్న వద్దన్ననా? పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటె సాలు.” ఎంత ఉదారమైన మొగుడో. నలుగురిలో అయితే గొంతు పెంచడు, అక్కడే చెప్పేయాలనుకుంది. ఆదివారం ఆటోలో దారి పొడవునా ఆ ఒక్క మాటనే మనసులో అటూ ఇటూ తిప్పుకుంది.

పైన గాలి చల్లగా ఉంది. తీగలకు చిన్న చిన్న దీపాలు, కింద పెద్ద పోస్టాఫీసు దగ్గర బస్సుల రొద. “మీకేం కావాలి మేడమ్?” అని వెయిటర్ అడిగాడు. ఆమెను ఎవరైనా అలా అడిగి ఎంత కాలమైందో. జవాబు వెతుక్కునేలోపే బాలరాజు చెప్పేశాడు, “మేం తిన్నదే తింటది.”

ఎదురుగా బాలరాజు దోస్తు అంజన్, పక్కన అతని భార్య నర్మద. స్వర్ణ నీళ్లు తాగి గొంతు సవరించుకుంది. “దుకాణంల నన్ను...” అంది.

అప్పుడే వెనక బల్ల దగ్గర ఎవరో చెంచాతో గిన్నెను రెండుసార్లు కొట్టారు.

స్వర్ణ లేచింది. ముందున్న ఖాళీ గిన్నె అందుకుని వంటగది వైపు నడిచింది కూడా. వెయిటర్ ఎదురొచ్చి, “కూర్చోండి మేడమ్, నేను తెస్తా” అన్నాక గానీ తానెక్కడుందో తెలియలేదు.

అంజన్ పడీపడీ నవ్వాడు. “అన్నా, వదినెకు మస్తు ట్రైనింగ్ ఇచ్చినవ్.” బాలరాజు మీసాల్లో నవ్వుకున్నాడు. నర్మద నవ్వలేదు. ఆమె కూడా లేవబోతున్నట్టు కుర్చీ అంచుకు జరిగి ఉంది.

స్వర్ణ వచ్చి కూర్చుంది. ముందు సిగ్గేసింది, ఆ తర్వాత భయమేసింది. కొట్టింది మొగుడు కాదు, గిన్నె ఇంటిది కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని వాడి చెంచాకు కాళ్లు వాటంతట అవే లేచాయి. ఇన్నాళ్లూ ఇష్టం లేకున్నా సర్దుకుపోతున్నాననుకుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చనుకుంది. మానేయడానికి లోపల తనంటూ ఎక్కడ మిగిలింది? ఇన్‌చార్జి అట ఇన్‌చార్జి. తన కాళ్లే తన మాట వినడం లేదు.

“ఏదో చెప్తున్నవు గదక్కా, దుకాణంల ఏందో,” అంది నర్మద మెల్లగా.

“గదంత తర్వాత. మళ్లొకసారి చూస్తరా?” అంటూ బాలరాజు చెంచా తీశాడు. ఆమె ముఖంలోకే చూస్తూ గిన్నెను రెండుసార్లు కొట్టాడు.

మోకాళ్లు కదిలాయి. స్వర్ణ రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది. లేవకుండా ఉండటానికే ఒంట్లో బలమంతా అయిపోతుంటే ఇక దుకాణం మాటకు ఏం మిగులుతుంది?

బాలరాజు నవ్వు ఆగింది. ఈసారి గట్టిగా కొట్టాడు.

స్వర్ణ కుర్చీని వదల్లేదు.