మాస్కు ఎవరికి సరిపోయింది

పదకొండు గంటలకు, పట్టపగలు, బస్టాండు ముందు, మాస్కులు చేసే ఆవిడను పోలీసులు వ్యాను ఎక్కించారు. వాళ్లు వచ్చింది ఆమె కోసం కాదు.

వచ్చింది మాస్కు వేసుకుని ఆడేవాడి కోసం, అంటే ఆమె కొడుకు కోసం. ఊళ్లో అతన్ని జులపాలోడు అంటారు. అతనూ, అతనిలాగే జుట్టు పెంచుకున్న స్నేహితులూ ఒకే గదిలో ఉంటూ బస్టాండులో నాటకాలు ఆడేవారు. నాటకంలో ప్రతి మాటకూ అనుమతి తీసుకోవాలని ప్రభుత్వం చట్టం చేసింది. వీళ్లు మాటలే మానేశారు. అధినేత మాస్కు, మడమల దాకా కోటు వేసుకున్నవాడు టేపు పట్టుకుని జనం నవ్వులు కొలిచేవాడు. పొడవనిపిస్తే కత్తెర తీసేవాడు. జనం పొట్టలు పట్టుకునేవారు. ఆ మాస్కు వెనక ఎవరన్నది పోలీసులకు అంతుపట్టలేదు.

ఆ రోజు పోలీసుల ఈలలు వినబడగానే జులపాలోడు మాస్కూ కోటూ విసిరేసి గుంపులో కలిశాడు. ఇన్‌స్పెక్టర్ మాస్కును తిరగేసి లోపలి వైపు చూశాడు. ఎవరిదో ముఖం మీద అచ్చు తీసినట్టు ముక్కు, దవడ, గడ్డం కింది గుంట, అన్నీ దిగి ఉన్నాయి. చెక్క దిమ్మ మీద చెయ్యమని కొడుకు ముందే మొత్తుకున్నాడు. చెంపలు ఒరుసుకుపోతాయని తల్లి వినలేదు. అతన్ని పడుకోబెట్టి ముఖం మీదే కాగితం పొరలు వేసింది.

కుర్రాళ్లను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ పెట్టి చూడమన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒకడికి నుదుటి దగ్గర ఆగింది. ఇంకొకడికి ముక్కు పట్టలేదు. తర్వాతి వంతు జులపాలోడిది.

అప్పుడు బస్టాండు బెంచీ మీద కూర్చుని చూస్తున్న తల్లి లేచి వచ్చింది.

“ఆగండి బాబూ. అది నాది.”

“నీదేంటమ్మా, పోయి కూర్చో.”

“చేసింది నేను. ఆడిందీ నేనే. కావాలంటే పెట్టి చూడండి.”

వెనక ఎవరో నవ్వారు. ఈ వయసులో వేషాల పిచ్చేమిటని ఇన్‌స్పెక్టరూ నవ్వి, మాస్కు ఆమె చేతికిచ్చాడు. ఆమె ముఖానికి ఆనించుకుని చేతులు వదిలేసింది. మాస్కు జారలేదు. నిన్ను చూస్తే మీ అమ్మను చూసినట్టే ఉందిరా అని చుట్టాలు అంటుంటే జులపాలోడికి చిన్నప్పటి నుంచీ విసుగు.

నవ్వులు ఆగిపోయాయి. అతను నోరు తెరిచాడు.

మాస్కు అతని వైపు తిరిగింది.

“ఏంటి బాబూ అలా చూస్తావ్? ఆట అయిపోయింది. ఇంటికి పో, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది.”

వ్యాను మలుపు తిరిగే దాకా ఆమె మాస్కు తియ్యలేదు.

మర్నాడు కొడుకు స్టేషనుకు వెళ్లాడు. అలాంటి మనిషిని తీసుకురాలేదని చెప్పారు. ఆమెను ఇంతవరకు ఏ కోర్టులోనూ హాజరుపరచలేదు.