ఎడమవైపు తక్కువ

అబిడ్స్‌లో శ్యామ్‌సుందర్ సేఠ్ స్పీకర్ల, హెడ్‌ఫోన్ల దుకాణానికి ఏ కొత్త సరుకొచ్చినా ముందు జయపాల్ చెవిన పడాల్సిందే. ఇరవై ఏళ్లుగా అదే కొలువు. ఈసారి వచ్చింది అరచేతిలో పట్టే నల్ల డబ్బా. డాక్, ఆంప్ రెండూ అందులోనే. కంప్యూటర్‌కూ హెడ్‌ఫోన్‌కూ మధ్య పెడితే పాటను విడమరిచి, బలం పోసి వినిపిస్తుంది.

"జర చూడు జయపాల్," అన్నాడు సేఠ్. "కొత్తగ కొనే పోరగాళ్లకు అగ్గువల నడుస్తదా, లేదా, గంతే."

జయపాల్ ఏది పరీక్షించినా ఒకటే పాటతో. నాంపల్లిలో వాళ్ల చర్చి క్వయరు పన్నెండేళ్ల కింద రికార్డు చేసిన క్రిస్మస్ కీర్తన అది. ఎవరెక్కడ నిలబడి పాడారో అతనికి కంఠతా వచ్చు. ఎడమ చివర అతని భార్య సుగుణమణి.

ఆ రికార్డు సంగతి చర్చిలో అందరికీ తెలిసిందే. పాడినవాళ్లలో ఎవరికి చావు దగ్గరపడితే వాళ్ల గొంతు అందులో పలచబడుతుంది. మనిషి పోతే గొంతూ పోతుంది. భూపాల్ అన్న పోయినప్పుడు "ఇగ బేస్ ఎవరు పాడాలె" అనుకున్నారు తప్ప ఇంకో మాట లేదు. ఇవాంజెలిన్ అక్క గొంతు సన్నబడితే దవాఖానకు ఉరికించారు, గుండెకు స్టెంటు వేయించారు, గొంతు మళ్లీ రికార్డులోకి వచ్చేసింది. కాకపోతే ఫోన్‌లో వింటే గొంతులన్నీ ముద్దగా కలిసిపోయి, బాగా పలచబడేదాకా ఎవరికీ తెలియదు.

డబ్బా ఆ ముద్దను విడదీసింది. ఒక్కొక్కరూ ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతుంటే జయపాల్‌కు ఒళ్లు పులకరించింది. ఎడమవైపే కాస్త తక్కువగా ఉంది.

"పీస్ ఖరాబున్నది సేఠ్. ఎడమ దిక్కు ఆవాజ్ తక్కువ. వాపస్ పంపుండ్రి."

ఇంకో పాట పెట్టి చూస్తే తేలిపోయేది. పెట్టలేదు. పన్నెండేళ్లుగా లేని అలవాటు ఆ పూటే ఎందుకొస్తుంది? అటు ఇంట్లో సుగుణమణి గొంతు బొంగురుపోయి నెలైంది, మిరియాల కషాయం తాగుతోంది. పక్కన పడుకునే మనిషికి అదీ తట్టలేదు, ఏం చెప్పాలి!

మూడు వారాలకు బదులు డబ్బా వచ్చింది. ఎడమవైపు ఇంకా తక్కువ. కంపెనీని తిట్టుకుంటూ ఈసారి జయపాల్ సేఠ్ ఫోన్‌లోని గజల్ పెట్టాడు. రెండు వైపులా సమానం. మళ్లీ కీర్తన పెట్టాడు. తగ్గింది ఎడమవైపంతా కాదు, చివర నిలబడ్డ ఒక్క మనిషే. డబ్బాకు ఏ రోగమూ లేదు.

సేఠ్‌కు చెప్పకుండానే ఇంటికి ఉరికాడు.

"గొంతులో క్యాన్సర్ గడ్డ," అన్నాడు దవాఖానలో పరీక్షలన్నీ చేసిన డాక్టరు. "ఇంకాస్త ముందు తీసుకొస్తే కరెంటు పెట్టి గడ్డ కరిగించి మాట కాపాడేవాళ్లం. ఇప్పుడు స్వరపేటిక తీసేస్తేనే ప్రాణం."

"ముందంటే ఎన్ని రోజులు సార్?"

"రెండు మూడు వారాలు."

జయపాల్ వేళ్ల మీద వారాలు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. సుగుణమణి అతని భుజం మీద చెయ్యేసి, "మీరెందుకు గిట్ల అయితున్రు? పానమైతే దక్కుతది గదా," అంది బొంగురుగా.

ఆపరేషనైన నెలకు సేఠ్, కొత్తోళ్లకు నడుస్తదో లేదో ఇంకా తేల్చలేదని, ఆ డబ్బాను వాళ్లింటికే పంపాడు. జయపాల్ కీర్తన పెట్టుకున్నాడు. ఎడమ చివర ఆమె గొంతు నిండుగా, తేటగా పాడుతోంది. మెడకు గుడ్డ చుట్టుకున్న మనిషి మంచం మీద మాట లేకుండా కూర్చుని ఉంది. అతనికి ఏడుపాగలేదు.

ఆమె చెయ్యి చాచింది. హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టాడు. కళ్లు మూసుకుని విని, పెంచమని సైగ చేసింది. పెంచాడు. ఇంకా పెంచమంది. చివరిదాకా తిప్పాడు.

"నేను మూడు వారాల ముందే విన్న సుగుణా," అన్నాడు. "డబ్బా ఖరాబనుకున్న. నీ గొంతు నేనే పోగొట్టిన."

కళ్లు తెరిచి, అతని పెదాలు కదలడం చూసి, డబ్బా ఎట్లుందని అడుగుతున్నాడనుకుంది. పక్కనున్న పలక తీసుకుని రాసింది: "మస్తున్నది. కొత్తోళ్లకు ఇయ్యుండ్రి."