నాలుగో ముక్క

"నాకు ఆకలి లేదు. మీరు తినండి."

ఆ మాట అనేశాక గానీ హెస్టర్‌కు తట్టలేదు, తనను ఇంకా ఎవరూ ఏమీ అడగనే లేదని.

ప్లేటులో ఉప్పుచేప, బంగాళాదుంప కలిపి వేయించిన ఉండలు మూడున్నాయి. బల్ల చుట్టూ నలుగురున్నారు. భర్త అలిస్టర్, మరిది ఫెర్గస్, అత్తగారు ఇష్బెల్, తను.

"ఇక్కడ ఎవరి ప్లేటు వాళ్లది కాదమ్మా. అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకు తినాలి. ఈ చోటి పద్ధతే అది," అని తల్లికి చెబుతూ అలిస్టర్ ఒక ఉండ తీసుకున్నాడు. ఫెర్గస్ ఇంకొకటి అందుకున్నాడు. మూడోదాన్ని అలిస్టర్ ఫోర్కుతో తల్లి వైపు తోశాడు. ఖాళీ ప్లేటు హెస్టర్ ముందు ఆగింది.

లీత్ రేవులో ఒకప్పటి గిడ్డంగి అది, ఇప్పుడు వైన్ బార్. మే నెల కావడంతో ఏడు దాటినా ఎండ బల్లల మీదే ఉంది. ఆ రోజు వండినవన్నీ గోడ మీది నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉన్నాయి. ఏదైనా అయిపోతే వడ్డించే అమ్మాయి తడిగుడ్డతో ఆ వరుస తుడిచేస్తుంది. వచ్చిన దగ్గర్నుంచీ హెస్టర్ చూపు చివరి వరుస మీదే ఉంది. కాల్చిన రొట్టె మీద పీత, అడవి వెల్లుల్లి ఆకు. ఇంకో వారం పోతే ఆ ఆకు ముదిరిపోతుంది.

"పీత చెబుదామా?" అని ఒకసారి అంది కూడా.

"గొర్రె మాంసం చెప్పాంగా, మళ్లీ పీతెందుకు?" అన్నాడు అలిస్టర్. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఇరవై రెండేళ్లుగా మాడిన రొట్టె తనది. చితికిన గుడ్డు తనది. ఎవరైనా అనుకోకుండా భోజనానికి వస్తే తగ్గే వాటా తనది. ఎవరూ బలవంతపెట్టలేదు. తనే నవ్వుతూ ఆకలి లేదనేది, వాళ్లు నమ్మేవాళ్లు. ఫిబ్రవరిలో అత్తగారికి తుంటి ఎముక విరిగితే ఆరు వారాలపాటు రోజూ తెల్లవారుతూనే ఆమె ఇంటికెళ్లి, రెండంతస్తులు ఎక్కి, ఆమెకు స్నానం చేయించి, జావ కాచి పెట్టి, అప్పుడు పనికి పరుగెత్తేది. అలిస్టర్ ఒకసారి పూలు పంపాడు. "మీ అబ్బాయి ఎంత మంచివాడండీ!" అంది అత్తగారితో, ఇంటికొచ్చే నర్సు. ఆ పనికి పరుగెత్తడం కూడా ఇంట్లో నవ్వులాటే. "హెస్టర్‌ది ఉద్యోగం కాదు, సరదా. పాత కాగితాలకు జిగురు పూస్తుంది," అని స్నేహితుల ముందు అలిస్టర్ అన్నప్పుడల్లా అందరూ నవ్వేవాళ్లు, తనూ నవ్వేది. ఆ జిగురు పూసే మనిషికే ఇప్పుడు దస్తావేజుల భాండాగారం ఒక ఉత్తరం రాసింది. మునిగిన ఓడల్లోంచి తీసిన దినచర్య పుస్తకాలు రెండొందలు, వాటిని బాగుచేసే బృందానికి నాయకురాలిగా ఉండమని. రెండేళ్ల పని. సోమవారంలోగా జవాబివ్వాలి. ఉత్తరం చేతిసంచిలోనే ఉంది. తొమ్మిది రోజుల కింద అలిస్టర్‌కు చూపిస్తే, "చూద్దాంలే," అన్నాడు.

ఎలా చూశాడో ఇప్పుడే తెలిసింది.

"ఈ భోజనం ఊరికే కాదు," అంటూ అలిస్టర్ గ్లాసు ఎత్తాడు. "జూన్ మొదటి వారంలో అమ్మ మా ఇంటికి వచ్చేస్తోంది. హెస్టర్ ఉద్యోగం మానేస్తోంది. అంతా కుదిరిపోయింది."

"హమ్మయ్య! థాంక్స్ వదినా!" ఫెర్గస్ గ్లాసు తగిలించాడు. "మా ఇంట్లో కుక్కలకే చోటు లేదు. నువ్వు బంగారం!"

హెస్టర్ గ్లాసు బల్ల మీదే ఉంది.

ఇష్బెల్ ముందుకు వంగింది. "అమ్మాయ్, నా ఇల్లు వదిలి రానని వీడితో మొత్తుకున్నాను. కానీ నువ్వు పట్టుబట్టావట కదా. 'ఆ కాగితాలతో విసుగెత్తిపోయింది, అత్తయ్యను తెచ్చేయ్, నాకూ తోడుగా ఉంటుంది' అన్నావట. నువ్వంతగా అడిగాక కాదనలేకపోయాను."

హెస్టర్ భర్త వైపు చూసింది. అతను రొట్టెముక్కతో ప్లేటు తుడుస్తున్నాడు. చాలా శ్రద్ధగా తుడుస్తున్నాడు.

కోపం రాలేదు ఆమెకు. ముందు ఆశ్చర్యం వేసింది. ఆ మాటలు అచ్చం తన మాటల్లాగే ఉన్నాయి. ఇన్నాళ్లూ తనకేమీ వద్దని తనే చెప్పేది. ఇప్పుడు తనకా శ్రమ కూడా లేకుండా అతనే చెప్పేశాడు. ఇంకేముంది, "అవునత్తయ్యా" అని ఒక్క నవ్వు నవ్వితే చాలు. ముసలావిడ ప్రశాంతంగా తింటుంది. సోమవారం వస్తుంది, పోతుంది. ఉత్తరం ఏదో సొరుగులో పడుంటుంది.

తన పనిలో, ఉప్పునీళ్లలో నాని అంటుకుపోయిన పేజీలను లాగకూడదు. సన్నటి ఎముక బద్ద అంచు దూర్చి, ఊపిరి బిగబట్టి, వేలెడు వేలెడే విడదీయాలి. చెయ్యి వణక్కూడదు. ఆ చెయ్యి ఇప్పుడు బల్ల మీద కదలకుండా ఉంది.

"నేనలా అనలేదు, అత్తయ్యా."

"హెస్టర్!" అలిస్టర్ గొంతు తగ్గించాడు. "ఇక్కడొద్దు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఇక్కడే నయం."

"అంటే, మా అమ్మ రావడం నీకిష్టం లేదు. అంతేనా?"

ఉచ్చు సరిగ్గా గొంతుకే వేశాడు. హెస్టర్ అతన్ని వదిలేసి అత్తగారి వైపు తిరిగింది.

"మీరు బరువని కాదు, అత్తయ్యా. నేను ఉద్యోగం మానను. పెద్ద పని ఇస్తామంటున్నారు. సోమవారం ఒప్పుకుంటున్నాను."

ఇష్బెల్ ఫోర్కు దించింది. కొడుకుల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

"రోజూ ఆ మెట్లెక్కి వచ్చిందెవరో నాకు తెలీదట్రా?" అంది మెల్లగా. "నేను వస్తానని అడగలేదు. ఈ పిల్ల రమ్మని అడగలేదు. మరి ఇదంతా ఎవరడిగారు?"

పక్క బల్ల దగ్గర ఎవరో సీసా మూత తీశారు.

చివరికి ఫెర్గస్ అన్నాడు, "మరి అమ్మను ఎవరు చూసుకుంటారు?"

"శని, ఆదివారాలు నేనెళతాను," అంది హెస్టర్. "మిగతా ఐదు రోజులూ కొడుకులిద్దరూ చూసుకోండి. మధ్యలో పెట్టుకుని పంచుకోవాలన్నావుగా, అలిస్టర్."

ఇష్బెల్ ప్లేటులో ఉప్పుచేప ఉండ ఇంకా ముట్టుకోకుండా అలాగే ఉంది. ఆమె కత్తితో దాన్ని సగానికి కోసి, ఒక సగం కోడలి ప్లేటులోకి జరపబోయింది. హెస్టర్ ఆమె మణికట్టు మెత్తగా పట్టుకుని ఆపింది.

"వద్దత్తయ్యా. అది మీది. మీరు తినండి."

వడ్డించే అమ్మాయి తడిగుడ్డతో నల్లబల్ల వైపు వెళుతోంది. హెస్టర్ చెయ్యెత్తింది.

"పీత అయిపోయిందా?"

"ఆఖరిది ఒక్కటే ఉంది, మేడమ్."

"అది మాకు కావాలి."

ఆ అమ్మాయి ఆ వరుస తుడిచేసి, బల్ల చుట్టూ ఉన్న వాళ్లను అలవాటుగా లెక్కబెట్టింది. "నాలుగు ఫోర్కులు తెస్తాను."

"ఒకటి చాలు," అంది హెస్టర్. "నాకు ఆకలేస్తోంది."