విసుర్రాయి మీద చదివిన లాటిన్

కడపకు ఆమడ దూరంలోని మా పల్లెలో పాదరి దొర బడి పెట్టాడు. పంతులు పని కావాలంటే లాటిన్ పరీక్ష నెగ్గాలన్నాడు. జొన్నసంకటి తినే పిల్లలకు లాటిన్ ఎందుకని అడిగిన మొనగాడు లేడు. పంతులు పనికి నిలబడ్డ లేవి అసలే అడగలేదు. ఈ పని రాకుంటే అతను మళ్లీ బండలు కొట్టడానికి పోవాల్సిందే.

దొర ఇచ్చిన పాఠం 'మంచి' అనే ఒక్క మాట. మనకు మంచి మనిషైనా మంచి బావి అయినా మంచే. లాటిన్‌లో మగవాడు మంచివాడైతే బోనుస్, ఆడది అయితే బోనా, వస్తువైతే బోనుమ్. ఆ పైన మంచివాడికి, మంచివాడి, మంచివాళ్లతో అంటూ పోయేకొద్దీ తోక మారుతూనే ఉంటుంది.

పుస్తకం తెరిస్తే లేవికి కునుకు. అందుకని తెల్లవారుజామున అతని పెళ్లాం విశ్వాసమ్మ జొన్నలు విసిరేటప్పుడు ఎదురుగా కూర్చుని, తానూ పిడి పట్టి, చుట్టుకొక మాట చొప్పున చదివాడు. కొన్నాళ్లకు అతను తప్పితే ఆమె రాయి ఆపేసేది.

"మగోనికి ఒక మంచి, ఆడదానికి ఒక మంచా?" అని ఆమె ఒకనాడు నవ్వింది. "ఈడా అంతే కదయ్యా. విందులో కూడు వడ్డించేకాడ తెలుస్తాంది."

పరీక్ష రోజు దొర అతన్ని బల్ల ముందు కూర్చోబెట్టి, 'మంచి స్త్రీకి' అనాలంటే ఏమనాలని నడిమధ్య నుంచి అడిగాడు. లేవి కుడిచేయి బల్లమీద గుండ్రంగా తిరగసాగింది. జ్వరమా అని దొర అడిగాడు. లేవి మొదటినుంచి ఎత్తుకోబోతే వద్దన్నాడు. చేయి ఆగింది. తప్పాడని రాయడానికి దొర కలం తీశాడు.

సద్దిమూటతో వాకిట్లో నిలబడ్డ విశ్వాసమ్మ లోపలికి వచ్చేసింది.

"దొరా, మా ఆయన బల్లమీద సదవలా. ఇసుర్రాయి మీద సదివినాడు."

దొరకు సరదా పుట్టి వంటింటి రాయి తెప్పించాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిప్పారు. లేవి ఒక్క తోక కూడా వదలకుండా అప్పజెప్పాడు. రాయి ఆగాక దొర మళ్లీ అదే ప్రశ్న వేశాడు. లేవి తన పెళ్లాం మొహం చూశాడు.

"బోనే," అంది విశ్వాసమ్మ.

దొర ఆమెను ఇంకో నాలుగు అడిగాడు, ఎక్కడెక్కడి నుంచో. నాలుగూ చెప్పింది. పని లేవి పేరనే రాశాడు, ఆడవాళ్ల పేరు రాసే కాగితం ఆయన దగ్గర లేదు మరి. అయితే రోజూ ఆమె కూడా బడిలో కూర్చోవాలన్నాడు. మరి ఇంట్లో పిండి ఎవరు విసురుతారని ఆయనే మళ్లీ అడిగాడు.

"లేవి ఇసురుతాడు దొరా," అంది విశ్వాసమ్మ. "రాయి తిప్పకుంటే మొత్తం మర్చిపోతాడు."