పై గ్యాలరీలో మొదటి ఈల

ఎర్సీలియా మొగుడి పెట్టె సర్దుతోంది. చొక్కా పెట్టింది, తీసింది, మళ్ళీ అదే పెట్టింది. ఉన్ని మఫ్లర్ కోసం ఇల్లంతా వెదికింది. అది తన భుజం మీదే ఉంది.

"నాలుగు నెలల సీజనుకి రెండు ఉన్ని కోట్లు దేనికి?"

"బ్యూనస్ ఎయిర్స్‌లో ఇప్పుడు చలికాలం," అన్నాడు గ్వెరీనో, తలెత్తకుండా.

అతడు ఇటలీలోని పార్మా ఊరి ఒపెరాలో బృందగాయకుడు. మొన్న ఆదివారం, పెళ్ళయిన ఇన్నేళ్ళకి, ఒంటరిగా పాడే వేషం దొరికింది. రెండో పాటలో పై స్వరం చిట్లింది. పై గ్యాలరీ నుంచి ఈల వినబడింది. పార్మాలో ఈలంటే మెచ్చుకోలు కాదు, ఛీకొట్టడం. చవక టిక్కెట్ల మీద అక్కడ కూర్చునేది చెప్పులు కుట్టేవాళ్ళూ, రొట్టెలు కాల్చేవాళ్ళూ. పాటలన్నీ వాళ్ళకి కంఠతా వచ్చు. ఆ మొదటి ఈల వేసింది ఎర్సీలియా తండ్రి అదాల్జీజో. మర్నాడే గ్వెరీనో, సముద్రం దాటే బృందంలో తన పేరు చేర్పించుకున్నాడు.

పెట్టె అలాగే వదిలేసి ఆమె తండ్రి సెలూనుకి పరుగెత్తింది.

"నాన్నా, స్టేషనుకి రా. ఒక్క మంచి మాట చెప్పు, ఆగిపోతాడు."

"ఏమని చెప్పను? బాగా పాడాడనా? ఆ అబద్ధం ఆడితే ఈ ఊళ్ళో నా కత్తికి గడ్డం అప్పగించేవాడెవడే?"

"సొంత అల్లుడు నాన్నా!"

"అందుకే ముందు నేనే వేశాను. ఇంటివాణ్ణి నేనుండగా పరాయివాడు ముందు తిడితే ఊరుకుంటానా?"

ఎర్సీలియాకి ఆ మాట అర్థమైంది. ఆ గ్యాలరీలో పెరిగిన పిల్ల. గ్వెరీనోది పొరుగూరు.

"ఈ మాటే అతనితో చెప్పు నాన్నా. ఇదొక్కటి చాలు."

బండి కదలబోతుండగా ముసలాయన వచ్చాడు. మోచేతి దాకా సబ్బు నురగ. కిటికీ పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. ఎర్సీలియా తండ్రి నోటికేసే చూస్తోంది.

"ఒరే గ్వెరీనో! ఆ స్వరం ముందు ఊపిరి ఆలస్యంగా తీశావురా. ముందే తీసుకో. గొంతు కప్పుకో."

"అంతేనా మామయ్యా?"

"అంతకన్నా ఏముంటుంది రా?"

"నాన్నా, అది కాదు! చెప్పు!" అని ఆమె తండ్రి చెయ్యి పట్టి గుంజింది. గ్వెరీనో కిటికీ అద్దం మూసేశాడు. బండి వెంట పరుగెడుతూ తనే అరిచి చెప్పింది. ఆ రొదలో అతడికి వినబడలేదు.

బృందం 1926 అక్టోబరులో తిరిగొచ్చింది. గ్వెరీనో రాలేదు, ఆ అక్టోబరులోనూ, ఆ తర్వాత ఎన్నడూ.